కల్పితలోకములు, భూపటములు: ఒక చారిత్రక పరిశీలనము

భూమి ముందు, పటము తరువాత. ఈ క్రమమున సందేహింపదగినది లేదు. నది యున్నచోట నది గీయబడును. ఊరు వెలసిన పిదప ఊరి పేరు పటమున కెక్కును. పటమున తప్పు దొరలినచో బాటసారి దారి తప్పును గాని, భూమికి వచ్చు నష్ట మేమియు లేదు. కాని గడచిన ఏబది యేండ్లలో ఈ క్రమము తలక్రిందైన ప్రదేశములు కొన్ని వెలసినవి. కంప్యూటరులందు నిర్మింపబడి, ఇంటర్నెట్టు ద్వారమున వేలకొలది జనులు ఏకకాలమున ప్రవేశించి సంచరించు లోకము లవి. వానిని మేము ఈ వ్యాసమున కల్పితలోకములని వ్యవహరింతుము. వానియందు పటము ముందు, నేల తరువాత. కంప్యూటరున నిక్షిప్తమైన కొలతలు, గడులు, పేర్లు, ఇవియే అచట నేల. పటమున లేనిది అచట లేదు. పటమున తప్పుగా నున్నది అచట తప్పుగనే నిలిచియుండును.

ఈ లోకములు కేవలము ఊహాజనితములని పలువురు తలంతురు. మయసభయందు దుర్యోధనుడు నేలను నీరుగను, నీటిని నేలగను భ్రమించినట్లు, వీనియందు ప్రవేశించినవాడు లేనిదానిని ఉన్నదానిగా భ్రమించుచున్నాడని వారి యభిప్రాయము. చరిత్రను పరిశీలించినచో ఈ యభిప్రాయము నిలువదు. కల్పితలోకముల పుట్టుక ఊహలో గాక భూమిని కొలిచిన కొలతలో నున్నది. ఈ సంబంధము ఎట్లు మొదలైనదో, ఎట్లు పెరిగినదో, నేడు దాని ఫలితము మన ఊళ్ల పేర్లవఱకు ఎట్లు వచ్చినదో నిరూపించుటయే మా యుద్దేశము.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున మేమత్ గుహ యను మహాగుహ కలదు. నేటివఱకు కొలువబడిన దారుల పొడవు 420 మైళ్లకు పైబడి, ఇది లోకములోని గుహలలో నెల్ల దీర్ఘమైనదిగా ప్రసిద్ధి గాంచినది. గుహను కొలుచుట భూమిపై పొలమును కొలుచుట వంటిది గాదు. అచట వెలుతురు లేదు, దూరము కనబడదు. కొలుచువారు ఒక బిందువునొద్ద నిలిచి, దీపపు వెలుగున కనబడు మఱియొక బిందువువఱకు టేపు సాచి దూరమును గ్రహింతురు. దిక్సూచితో దిక్కును, వేఱొక పరికరముతో వాలును గ్రహింతురు. ఈ మూడంకెలను బురదపట్టిన చిన్నపుస్తకమున వ్రాసికొని, రెండవ బిందువునుండి మూడవదానికి సాగుదురు. ఇట్లు వేలకొలది బిందువులను మాలగా గూర్చినపుడు గుహకు పట మేర్పడును. గుహ నెవ్వరును ఒక్కచూపున చూడలేరు. పటముననే అది సమగ్రముగా కనబడును. ఈ మాట ముందు మనకు మఱల అవసరమగును.

ఈ గుహలను కొలిచినవారిలో విలియం క్రౌథర్, పట్రీషియా క్రౌథర్ అను దంపతులు ముఖ్యులు. 1972 సెప్టెంబరు 9న ఫ్లింట్ రిడ్జ్ గుహాసముదాయమునుండి మేమత్ గుహలోనికి దారి కలదని కనుగొనిన బృందములో పట్రీషియా ఒకరు. ఆ దినముతో రెండు గుహలు ఒక్కటియై, దాని పొడవు 144 మైళ్లకు పెరిగెను. విలియం క్రౌథర్ మసాచుసెట్స్ రాష్ట్రమున బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్ అను సంస్థలో ప్రోగ్రాములు వ్రాయు ఉద్యోగి. నేటి ఇంటర్నెట్టునకు మాతృక యనదగిన ఆర్పానెట్టులో వార్తలను ఒకచోటినుండి మఱియొకచోటికి నడపు యంత్రములకు ప్రోగ్రాము వ్రాసినవారిలో ఆయన యొకడు. ఈ దంపతులు గుహలో వ్రాసికొని తెచ్చిన అంకెలను తమ యింట నున్న టెలిటైపు మూలమున సంస్థవారి కంప్యూటరున కెక్కించి, ఆయన వ్రాసిన ప్రోగ్రాముతో గుహాపటములను గీయించిరి. చేతితో గీసిన పటమున ఒక కొలత మాఱినచో పట మంతయు మఱల గీయవలెను. కంప్యూటరున నున్న పటమున అంకె మార్చిన చాలును. పటము కాగితమును విడిచి అంకెల సముదాయముగా మాఱిన ఘట్టములలో ఇది యొకటి.

1975, 1976 సంవత్సరములలో క్రౌథర్ తన కుమార్తెల వినోదమునకై ఒక ఆటను రచించెను. దానికి 'అడ్వెంచర్' అని పేరు. 'కొలోసల్ కేవ్' అనియు వ్యవహరింతురు. ఇందు బొమ్మ ఒక్కటియు లేదు. ఆటగాడు నిలిచియున్న చోటు ఎట్టిదో రెండుమూడు వాక్యములలో కంప్యూటరు చెప్పును. ఉత్తరమునకనియో, క్రిందికనియో ఆటగా డొక మాట టైపు చేసినచో, తరువాతి చోటు వర్ణింపబడును. ఆ చోట్లు ఊహించి వ్రాసినవి గావు. క్రౌథర్ స్వయముగా ప్రాకి, కొలిచి, పటమున కెక్కించిన బెడ్‌క్విల్ట్ గుహాభాగమే మాటలలోనికి మార్చబడినది. 1976, 1977లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునందలి డాన్ వుడ్స్ ఈ ఆటను విస్తరించి, కల్పనలను పెక్కింటిని జేర్చెను. పిమ్మట అది ఆర్పానెట్టు మార్గమున విశ్వవిద్యాలయములకు ప్రాకెను. క్రౌథర్ వ్రాసిన తొలిరూపము నశించినదని చిరకాలము తలంపబడినది. డెనిస్ జెర్జ్ అను ఆంగ్లసాహిత్యాచార్యుడు స్టాన్‌ఫర్డ్‌లో భద్రపఱుపబడిన పాత దస్త్రములనుండి దానిని వెలికి దీయించెను. ఆయన 2005లో గుహలో ప్రవేశించి ఆటలోని చోట్లను నిజమైన చోట్లతో పోల్చి చూచి, 2007లో తన పరిశోధనమును ప్రకటించెను. ఆటను బాగుగా ఆడినవారు తొలిసారి నిజమైన గుహలో అడుగిడినపుడును దారి గుర్తింపగలిగిరని గుహాన్వేషకులు చెప్పుదురు.

ఈ ఆటలో చిక్కుదారుల భాగ మొకటి కలదు. అందలి గదులన్నియు ఒకే మాటలతో వర్ణింపబడియుండును. ఉత్తరమునకు పోయి, మఱల దక్షిణమునకు వచ్చినచో బయలుదేఱిన చోటికే వత్తుమను నమ్మకము లేదు. ఆటగాండ్రు దీనికొక యుపాయము కనుగొనిరి. తమచేత నున్న వస్తువుల నొక్కొక్కటిగా ఒక్కొక్క గదిలో విడిచి, ఆ వస్తువును బట్టి గదిని గుర్తించుచు కాగితముపై పటము గీసికొనిరి. గుహను కొలుచువారు బిందువు బిందువునకు గుర్తు నిలుపుటయు, ఆటగాండ్రు గదిగదికి వస్తువు నిలుపుటయు ఒకే పని. ఇట్లు కొలతనుండి పుట్టిన ఆట, ఆడినవారిచేత మఱల కొలత చేయించినది.

మాటలతో నేలను నిలుపుట తెలుగువారికి క్రొత్త గాదు. కాలిన్ మెకంజీ 1799 తరువాత మైసూరు దేశమును కొలిపించుచు, పటముతోపాటు గ్రామగ్రామమునుండి స్థానికచరిత్రలను సేకరింపజేసెను. ఆయన 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలుగా నియమితుడయ్యెను. ఈ సేకరణకు ప్రాణముగా నిలిచినవారు కావలి వెంకట బొర్రయ్యయు, 1803లో ఆయన మరణించిన పిదప ఆ భారమును వహించిన తమ్ముడు లక్ష్మయ్యయు. వారు సమకూర్చిన కైఫీయతులను మన సాహిత్యచరిత్రకారు లెఱుగుదురు. ఊరి పొలిమేరలు, చెఱువులు, దేవాలయములు, దానములు, పేరు వచ్చిన విధము, ఇవి యెల్ల వానియందు మాటలలో నున్నవి. గొలుసుతో కొలిచిన గీత ఊరెక్కడ నున్నదో చెప్పును. అది ఎట్టి ఊరో కైఫీయతు చెప్పును. వారి సోదరుడు రామస్వామి దక్కను ప్రాచీనవిభాగములను చూపు పటమును గూర్చి, దానికి తోడుగా చదువుకొనుటకై దక్కనులోని నగరములను, స్థలములను వర్ణించు గ్రంథమును 1828లో ఆంగ్లమున ప్రకటించెను. పటమును మాటలును ఒకదాని కొకటి తోడు గావలెనను తెలివి వారికి సంపూర్ణముగా నుండినది. క్రౌథర్ ఆటకును మెకంజీ సేకరణకును చారిత్రకసంబంధ మున్నదని మేము చెప్పుట లేదు. స్థలము అంకెలలోను మాటలలోను కూడ జీవించునని చూపుటకే ఈ పోలిక. ఈ రెండింటిలో ఒకటి లోపించినచో కలుగు నష్టము ఈ వ్యాసము చివర తేటపడును.

ఇంతవఱకు చెప్పిన గుహలో ఆటగా డొంటరివాడు. 1978లో ఇంగ్లండునందలి ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి 'మడ్' అను ఆటను ఆరంభించెను. 1980లో దాని రచనాభారమును రిచర్డ్ బార్టిల్ స్వీకరించెను. ఇదియు మాటలతో గట్టిన లోకమే. కాని ఇందు పలువురు ఒకే కాలమున, వేర్వేఱు టెలిటైపులయొద్ద కూర్చుండి, ఒకే గదిలో ఒకరి నొకరు కలిసికొనగలరు. ఈ భేదము చిన్నది గాదు. ఒక్కని గుహ గ్రంథము వంటిది. పలువురు కలియు గుహ ఊరు వంటిది. ఇద్దరు 'వంతెనయొద్ద కలిసికొందము' అని చెప్పికొనగలిగినపుడే చోటునకు అర్థము కలుగును. ఆ అర్థము పుట్టిన దినమునుండి ఈ లోకములు భూగోళశాస్త్రమునకు విషయము లైనవి.

లూకస్‌ఫిల్మ్ గేమ్స్ సంస్థయందు చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్ అనువారు నిర్మించిన 'హాబిటాట్' 1986లో ప్రయోగదశలో తెఱువబడెను. కమొడోర్ 64 అను ఇంటి కంప్యూటరుమీద, ఫోనుతీగ ద్వారమున, బొమ్మలతో కనబడు లోక మది. అందు సుమారు 20,000 ప్రదేశము లుండెడివి. ఒక్కొక్క ప్రదేశము తెఱపై కనబడు ఒక్క దృశ్యము. దానికి నలువైపుల నాలుగు ప్రదేశములు ఆనుకొనియుండవచ్చును. నిర్మాతలు తమ యనుభవమును వ్రాయుచు, ఇంతమంది జనులున్న లోకమును ఒకచోట కూర్చుండి ముందుగనే పూర్తిగా ప్రణాళిక వేయుట సాధ్యము గాదని తేల్చిరి. పట్టణనిర్మాణమున నేలపై నగరపాలకులు నేర్చిన పాఠమే అంకెల నేలపై వీరును నేర్చిరి.

నీల్ స్టీఫెన్‌సన్ 1992లో ప్రకటించిన 'స్నో క్రాష్' అను నవల ఈ చరిత్రలో ప్రత్యేకముగా పేర్కొనదగినది. 'మెటావర్స్' అను మాట ఈ నవలనుండియే వ్యాప్తికి వచ్చినది. అందలి కల్పితగోళము చుట్టుకొలత 65,536 కిలోమీటర్లు. రెండును పదునాఱుమార్లు వేసి గుణించిన వచ్చు సంఖ్య యిది. కంప్యూటరు లెక్కకు సహజమైన సంఖ్య. 2003 జూన్ 23న శాన్‌ఫ్రాన్సిస్కోలోని లిండెన్ ల్యాబ్ సంస్థ 'సెకండ్ లైఫ్' అను లోకమును ప్రజలకు తెఱచెను. అందు నేల చదరపు గడులుగా విభక్తము. గడి ప్రక్క 256 మీటర్లు. వైశాల్యము 65,536 చదరపు మీటర్లు. నవలలోని సంఖ్యయే ఇచటను వచ్చుటకు కారణము రెండుచోట్లను ఒకే గణితము పనిచేయుట. భూమిపై పొలము గట్లను వాగులు, దాయభాగములు, తగవులు నిర్ణయించినవి. అచట యంత్రగణితము నిర్ణయించినది.

నేల గడులుగా విభక్తమైన పిదప దాని నమ్మకము మొదలయ్యెను. కొన్నవారు నెలనెలకు పన్ను వంటి రుసుము చెల్లింపవలెను. ఇందు భూగోళశాస్త్రజ్ఞులు గమనింపదగిన సంఘటన యొకటి కలదు. తొలినాళ్లలో దూరప్రయాణము చేయువారు కొన్ని నియతస్థానములలోనే దిగవలసియుండెను. అచటినుండి తమ గమ్యమునకు ఎగిరియో నడచియో పోవలెను. రైలుస్టేషనునొద్ద దుకాణములు వెలసినట్లే ఆ స్థానముల చుట్టును అంగళ్లు వెలసి, నేల ధర పెరిగెను. 2005 చివర సంస్థవారు ఆ స్థానములను తొలగించి, కోరినచోటికి నేరుగా పోవు వీలు కల్పించిరి. దానితో ఆ చుట్టుప్రక్కల నేలకు గల విశేషము పోయెను. దూరము ఉన్నంతవఱకే చోటునకు విలువ యని యింత స్పష్టముగా చూపిన నిదర్శనము మఱియొకటి దొరకుట కష్టము. భూమిపై దూరమును రద్దు చేయుట యెవ్వరికిని సాధ్యము గాదు. అచట ఒక సంస్థ యొక్క నిర్ణయముతో అది రద్దయ్యెను.

ఆ నేల కొన్నవానిదా, సంస్థదా అను ప్రశ్నయు పుట్టెను. వేలమున నేల పొందిన యొకని ఖాతాను, ఆ పొందిన విధము సరి గాదని సంస్థ మూసివేయగా, ఆతడు పెన్సిల్వేనియాలో వ్యాజ్యము వేసెను. తగవును మధ్యవర్తియొద్దనే తీర్చుకొనవలెనను ఒప్పందపు షరతు న్యాయసమ్మతము గాదని 2007 మేలో ఫెడరల్ న్యాయస్థానము నిర్ణయించెను. ఆ యేటనే ఉభయులు రాజీపడుటచేత మూలప్రశ్నకు తీర్పు రాలేదు. అదే మేనెలలో మాల్దీవులును, స్వీడనును ఆ లోకమున తమ దౌత్యకార్యాలయములను తెఱచినవి. రాజ్యములు అడుగిడిన నేలకు హక్కుదారుడెవ్వడో తేలకుండుట గమనింపదగినది.

ఇదే కాలమున భూమిపటమే కల్పితలోకముగా మాఱు పని వేఱొకవైపున సాగుచుండెను. 2001లో స్థాపితమైన కీహోల్ అను సంస్థ ఉపగ్రహచిత్రములను అతికి, భూగోళమంతటిని తెఱపై త్రిప్పి చూపు ప్రోగ్రామును నిర్మించెను. 2004లో గూగుల్ దానిని కొని, 2005 జూన్‌లో 'గూగుల్ ఎర్త్' అను పేర విడుదల చేసెను. కీహోల్ నాయకుడైన జాన్ హాంకీ 2010లో గూగుల్ నీడననే నియాంటిక్ అను శాఖను నెలకొల్పెను. అది 2012లో 'ఇన్‌గ్రెస్' అను ఆటను, స్వతంత్రసంస్థయైన పిదప 2016 జూలైలో 'పోకెమాన్ గో' అను ఆటను వెలువరించెను. ఈ ఆటలకు రంగస్థలము నిజమైన వీథి. ఆటగాడు ఫోను పట్టుకొని నడచినచో, తెఱపైనున్న పటమున ఆతని బొమ్మయు నడచును. విగ్రహములు, చారిత్రకఫలకములు, గుడులు, తోటలు ఆటలో విశేషస్థానములు.

ఏ చోటు విశేషస్థానము గావలెనో నిర్ణయించిన దెవ్వరు? చాలవఱకు ఇన్‌గ్రెస్ ఆటగాండ్రే చోట్లను గుర్తించి, ఛాయాచిత్రములతో పంపిరి. వారు పంపినవే పోకెమాన్ గోకు ఆధారము లైనవి. తొలి ఆటగాండ్రు నివసించిన పేటలు నిండుగాను, తక్కినవి బోసిగాను కనబడినవి. అమెరికా నగరములలో నల్లవారు హెచ్చుగా నుండు పేటలందు ఈ స్థానములు తక్కువగా నున్నవని 2016లోనే పరిశీలకులు చూపిరి. మఱియొకవైపున, వాషింగ్టన్‌లోని యూదుల మారణహోమస్మారక ప్రదర్శనశాలవారు, మృతుల స్మృతికి అంకితమైన చోట ఆట తగదని, తమ స్థానమును తొలగింపుమని కోరవలసివచ్చెను. ఒకచోట పటమున కెక్కకుండుట అన్యాయము. మఱియొకచోట ఎక్కుటయే అన్యాయము. స్థలము యొక్క అర్థమును తెలిసినవారిని అడుగక పటము గీచుటయే రెండింటికిని మూలము.

ఈ ఆటగాండ్రు తెలియకయే సర్వేయరు లైరి. వీథులలోని చోట్లను ఫోనులతో చిత్రించి వారు పంపిన దృశ్యములు, యంత్రములకు స్థలజ్ఞానము నేర్పు ప్రయత్నమునకు ఉపయోగపడుచున్నవని 2024 నవంబరులో నియాంటిక్ స్వయముగా ప్రకటించెను. 2025లో పోకెమాన్ గో స్కోప్లీ అను సంస్థ వశమయ్యెను; పటనిర్మాణకార్యము వేఱైన సంస్థగా మిగిలెను. మెకంజీయొద్ద పనిచేసినవారు జీతము గొని, తాము చేయుచున్నది సర్వే యని యెఱిగి పనిచేసిరి. వీరు ఆడుచున్నా మనుకొనిరి.

పటము భూమియంతై భూమిని కప్పవలెనను కోరిక సాహిత్యమున పూర్వమే హాస్యముగా వచ్చినది. లూయీ కారల్ 1893లో ప్రకటించిన నవలలో మైలునకు మైలు ప్రమాణముగా గీసిన పటము కలదు. అది పఱచినచో ఎండ పొలములపై పడదని రైతులు అడ్డుపడుదురు. అర్జెంటీనా రచయిత బోర్హెస్ 1946లో రాజ్యమంతటి పటమును గూర్చి చిన్నకథ వ్రాసెను. ఆ హాస్యము 2014లో నిజమయ్యెను. 'మైన్‌క్రాఫ్ట్' అను ఆటలో లోకమంతయు మీటరు ప్రక్కగల ఘనములతో గట్టబడియుండును. బ్రిటను దేశపు ఆర్డినెన్స్ సర్వే 2013లో తన పటమును 2200 కోట్ల ఘనములతో ఆ ఆటలో నిలిపెను. కాని అందు ఒక్కొక్క ఘనము 50 మీటర్ల నేలకు ప్రతినిధి. మఱుసటియేట డెన్మార్కు ప్రభుత్వ పటనిర్మాణసంస్థ తన దేశమంతటిని మీటరునకు మీటరుగా నిర్మించి, విద్యార్థులు మొదలగువారి ఉపయోగమునకై తెఱచెను. నాడు ఆ ఆటలో లోకపు ఎత్తు 256 ఘనములకు మించరాదు. డెన్మార్కులో అత్యున్నతస్థలము సుమారు 171 మీటర్లే యగుటచేత దేశము కుదింపు లేక ఇమిడెను. నిర్మాతలు ప్రేలుడు మందును నిషేధించిరి. కాని మందు నింపిన బండి యొకటి నిషేధము తప్పించుకొనెను. కొందఱు దానితో కొంత ప్రాంతమును పేల్చి, అమెరికా జెండాలు నాటిరి. నష్టము స్వల్పమే. ఐనను ఒక ప్రభుత్వము గీసిన పటములోనికి జనులు ప్రవేశించి దానిని ధ్వంసము చేయుట పూర్వ మెన్నడు నూహింపబడినది గాదు.

తప్పు యొక్క స్వభావమును దెలుపు నిదర్శన మింకొకటి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనునది 2004లో ఇంగ్లండున స్టీవ్ కోస్ట్ ఆరంభింపగా, లోకమంతట స్వచ్ఛందసేవకులు పెంచుచున్న పటము. ఎవరైనను తమ ఊరిని అందు గీయవచ్చును, తప్పును దిద్దవచ్చును. 2020 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ సంస్థ వెలువరించిన విమానచోదనపు ఆటలో లోకమంతటి కట్టడములును ఇట్టి పటములనుండి యంత్రముచేత లేపబడినవి. మెల్‌బోర్న్ నగరశివారున ఫాక్‌నర్ అను పేటలో, సామాన్యపు ఇండ్ల నడుమ, 212 అంతస్తుల సన్నని స్తంభ మొకటి ఆకాశమునంటి కనబడెను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒకడు 2 అంతస్తులని వ్రాయబోయి 212 అని టైపు చేసియుండెను. మూలపటమున ఆ తప్పు త్వరలోనే దిద్దబడినది. కాని దిద్దుటకు ముందు గ్రహించిన ప్రతి ఆటలోనికి పోయెను. ఆటగాండ్రు వింతగా దానిచుట్టు విమానములు నడపిరి. కాగితపుపటమున తప్పు తప్పుగనే యుండును. ఇచట తప్పు భవన మయ్యెను. అంతేకాక, మూలమును దిద్దినను ప్రతి మాఱలేదు.

ఈ లోకములకు మరణమును కలదు. హాబిటాట్ 1988లో మూతపడెను. 'స్టార్ వార్స్ గెలాక్సీస్' 2011 డిసెంబరు 15న, 'సిటీ ఆఫ్ హీరోస్' 2012 నవంబరు 30న మూయబడినవి. సర్వరు ఆగినచో ఊరు పాడుపడుట గాదు. పాడుపడుటకు నేలయే లేదు. మొదట మేము గుహనుగూర్చి చెప్పిన మాట ఇచట మఱియొక రూపమున నిజమగుచున్నది: ఇట్టి లోకము తుదకు పటముననే కనబడును. ఆటగాండ్రు గీసికొనిన పటములు, వ్రాసికొనిన వర్ణనలు, తీసిన చిత్రములే దాని చరిత్రకు ఆధారములు. ఓక్లండునందలి యొక ప్రదర్శనశాలవారి పూనికతో హాబిటాట్ మూలప్రోగ్రాము 2016లో బయటపడి, ఉత్సాహవంతులచేత మఱల నడపబడినది. ఐతే నేల లేచినది గాని, నాటి జనులు లేవలేదు.

ఇక ఈ చరిత్రవలన మనకు ఏమి పని యను ప్రశ్న. భారతదేశమున పటములు చిరకాలము ప్రభుత్వపు అదుపులో నుండినవి. 2021 ఫిబ్రవరి 15న కేంద్రప్రభుత్వము క్రొత్త మార్గదర్శకసూత్రములను ప్రకటించి, భారతీయసంస్థలు ముందుగా అనుమతి లేకయే పటములను సిద్ధపఱుప వచ్చునని యనుజ్ఞ యిచ్చెను. 2022 జూలైలో వీథిదృశ్యములను చూపు గూగుల్ సేవ పది నగరములలో ఆరంభింపబడగా, వానిలో హైదరాబాదు ఒకటి. మన ఊళ్లును అంకెల నేలలో వేగముగా లేచుచున్నవి. ముందు రాబోవు కల్పితలోకములు ఈ అంకెలనుండియే పుట్టును.

కాని ఆ ఊళ్ల పేర్ల సంగతి యేమి? పటములలో పెక్కు పేర్లు ఆంగ్లలిపిద్వారమున వచ్చినవి. ఆ లిపిలో తకార టకారములకు, దకార డకారములకు, నకార ణకారములకు, హ్రస్వదీర్ఘములకు భేదము నిలువదు. ఆంగ్లాక్షరములనుండి యంత్రము మఱల తెలుగులోనికి తెచ్చినపుడు ఊరి పేరు ఊరివారే గుర్తింపలేని రూపము దాల్చుట కలదు. పాలెము, పాడు, వాడ, కుంట, గూడెము మొదలగు ఉత్తరపదములు ఊరి పుట్టుకను చెప్పును. వాని అక్షరము తప్పినచో చరిత్రకు దారి తప్పును. ఈ తప్పు ఫాక్‌నర్ స్తంభమువలె ఆకాశమున కనబడదు, ఎవ్వరును నవ్వరు, అందుచేతనే అది దిద్దబడదు. దిద్దుటకు ముందు తీసిన ప్రతులలో అది స్థిరపడిపోవును.

కావున స్థలనామపరిశోధన ఇకమీద గ్రంథములకు మాత్రమే పరిమితమై యుండరాదని మా యభిప్రాయము. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వంటి పటములలో ప్రతి స్థలమునకును ఆంగ్లనామముతోపాటు తెలుగునామమును వ్రాయుటకు వేఱుగా చోటు కలదు. కైఫీయతులు, శాసనములు, గ్రామస్థుల నోటిమాట, ఈ మూడింటిని సరిచూచి, సరియైన రూపమును ఆ చోట నిలుపుట తెలుగు శాఖల విద్యార్థులకు సాధ్యమైన పని. జిల్లాకు ఒక్కడు పూనుకొనినను కొలదియేండ్లలో మేలు కనబడును. క్రౌథర్ దంపతులు బురదలో వ్రాసికొని వచ్చిన అంకెలు ఒక లోకమునకు నేల యైనవి. బొర్రయ్య, లక్ష్మయ్యలు గ్రామములలో వ్రాయించుకొని వచ్చిన మాటలు మన ఊళ్ల చరిత్రకు నేల యైనవి. ముందు రాబోవు లోకములలో మన ఊళ్లు ఏ పేరున నిలుచునో, నేడు పటమున కెక్కించు అక్షరములే నిర్ణయించును. ఆ అక్షరములను వ్రాయవలసినవారము మనమే.